మోచేతి కోసం ఐస్‌లాండ్ దాకా: ఒక నిఘంటువు సైటు గురించి

మా మనవడికి ఆరేళ్లు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ఒకటో తరగతి. మొన్న జనవరిలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి వీడియో కాల్ చేశాడు. మనకి తొమ్మిదిన్నరంటే అక్కడ సాయంత్రం నాలుగు. బడి నుంచి వస్తూ గడ్డకట్టిన మంచు మీద జారిపడ్డాడట. స్వెట్టరు చెయ్యి పైకి లాగి, చర్మం గీసుకుపోయిన చోటు ఫోనుకి ఆనించి మరీ చూపిస్తూ "అమ్మమ్మా, ఒల్న్‌బోయి, ఒల్న్‌బోయి" అని ఒకటే ఏడుపు. బోయి అనగానే నాకు పల్లకీ గుర్తొచ్చింది. పక్కనుంచి మా అమ్మాయి, "మోచెయ్యమ్మా. వీళ్లు దాన్ని అలా అంటారు" అంది.

ఏడుపు తగ్గాక వాడికి ప్రశ్న పుట్టింది. "మోచెయ్యిలో చెయ్యి నాకు తెలుసు. మో అంటే ఏంటి?"

ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు పండితురాలిగా బల్ల ముందు నిలబడ్డాను. మో అంటే ఏమిటని ఒక్క పిల్లాడూ అడగలేదు, నాకూ తోచలేదు. "రేపు చెబుతాను నాన్నా. మరి ఒల్న్ అంటే ఏంట్రా?" అన్నాను. వాడికీ తెలీదు, వాళ్లమ్మకీ తెలీదు.

ఆ రెండు ముక్కల కోసం వెతుకుతూ దొరికిన సైటు గురించే ఇదంతా రాస్తున్నాను. దాని పేరు మౌలిథ్ డాట్ ఐఎస్ (málið.is). రేక్యవిక్‌లోని ఆర్ని మాగ్నుస్సన్ సంస్థ 2016లో తెరిచింది. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. మనవడితో వాడి భాషలో నాలుగు మాటలు మాట్లాడాలని అంతకుముందు ఒక ఆప్‌కి ఏడాది చందా కట్టాను, పేరెందుకులెండి. బొమ్మ చూపించి మాట చెబుతుంది, మాట చెప్పి బొమ్మ అడుగుతుంది, అంతే. మోచేతి దగ్గర మోకాలి బొమ్మ పెట్టారు. తప్పని రాసి పంపితే ఈనాటి వరకూ జవాబు లేదు. పెన్షన్ డబ్బులు, కడుపు మండింది. అందుకే ఉచితమైన ఈ సైటు ఎంత శ్రద్ధగా కట్టారో చూసి నా ప్రాణం లేచొచ్చింది.

పైన ఒకే ఒక్క గడి ఉంటుంది. అందులో మాట కొడితే ఆ సంస్థవాళ్ల నిఘంటువులన్నిట్లోంచీ ఆ మాటకి సంబంధించినవన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చుంటాయి. స్పెల్లింగు ఒకచోట, ఈనాటి అర్థం ఒకచోట, శాస్త్రాల్లో వాడే తీరు ఒకచోట. విభక్తి రూపాల పట్టిక నాలాంటి వాళ్లకి పండగే. వాళ్లకి నాలుగు విభక్తులు. చేతిని వాళ్లు హొన్ద్ అంటారు, అది ఒక విభక్తిలో హెందీ అవుతుంది, ఇంకోదాన్లో హందార్ అవుతుంది. మన చెయ్యి చేతిగా మారినట్టే. ఔపవిభక్తికాలు చెప్పేటప్పుడు పిల్లలు "ఎందుకలా మారాలి టీచర్" అని మొహాలు వేలాడేసేవాళ్లు. ప్రపంచం ఆ కొసన కూడా పిల్లలు ఇదే బాధ పడుతున్నారని అప్పుడు తెలిసుంటే చెప్పేదాన్ని.

అన్నిటికంటే విలువైంది పుట్టుపూర్వోత్తరాల భాగం. ఔస్‌గైర్ బ్లోన్దాల్ మాగ్నుస్సన్ అనే పండితుడు జీవితమంతా కూర్చి రాసిన ఐస్‌లాండిక్ వ్యుత్పత్తి నిఘంటువు 1989లో, ఆయన పోయాక అచ్చయింది. దాన్ని ఇందులో కలిపేశారు. అంత పెద్ద పుస్తకం మా ఊరు బండారులంకలో అరుగు మీద కూర్చున్న నా ఫోన్లోకి వచ్చేసింది.

ఒల్న్‌బోయి అని వాడన్నది రాతలో ఒల్న్‌బోగి. రెండు ముక్కలు. రెండోది బోగి, అంటే వంపు, విల్లు. వాన విల్లుని రెగ్న్‌బోగి అంటారు, వాన వంపు అన్నమాట. మొదటి ముక్క అలిన్ అనే పాతమాటకి మరో రూపం. అలిన్ అంటే ముంజేయి, ఆ ముంజేతితో కొలిచే కొలత కూడానూ. మోచేతి కొస నుంచి వేళ్ల కొస దాకా. అంటే మూర!

ఒల్న్‌బోగి అంటే మూర వంగే చోటు. ఇంగ్లీషువాళ్ల ఎల్బో, జర్మన్ల ఎల్‌బోగెన్, డేన్‌ల ఆల్బుయె, అన్నీ ఇదే మాట. ఒక్క స్వీడన్‌వాళ్లు మాత్రం మూరని వదిలేసి ఆర్మ్‌బోగె అని, చేతి వంపుగా మార్చుకున్నారు. ఆ వేరు పట్టుకుని ఇంకా వెనక్కి పోతే గోథిక్‌లో అలైనా, లాటిన్‌లో ఉల్నా కనిపిస్తాయి. మన ముంజేతిలో ఒక ఎముకని డాక్టర్లు అల్నా అనేది దానివల్లే. అదే వరసలో మన సంస్కృతం అరత్ని కూడా ఉంది. అరత్ని! చిన్నప్పుడు అమరకోశం వల్లె వేస్తూ చెయ్యి చాచి చూపించేవాళ్లం: వేళ్లన్నీ చాపితే హస్తం, పిడికిలి బిగిస్తే రత్ని, చిటికెనవేలు ఒక్కటీ చాపితే అరత్ని. బోగికీ, వంగడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు భుజ్‌కీ కూడా చుట్టరికం చెబుతారు పండితులు. భుజం, వంకర్లు పోతూ నడిచే భుజంగం అందులోంచి వచ్చినవే. మంచులో జారిపడ్డ పిల్లాడి నోటి మాటలో అరత్నీ, భుజమూ రెండూ ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి మో?

పొద్దున్నే తమ్ముడి దగ్గరికి వెళ్లాను. మా నాన్న నేసిన గుంట మగ్గం మీదే వాడు ఇప్పటికీ నేస్తున్నాడు. మా వీధిలో ఒకప్పుడు తెల్లవారుజామున పడుగులు సాగదీసి గంజి పెడుతుంటే మనిషి దూరడానికి సందుండేది కాదు. ఇప్పుడా వీధిలో మగ్గం చప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టే ఇళ్లలోనే వినపడుతుంది. వాడు గుంటలో కాళ్లు పెట్టుకుని తెగిన పోగు అతుకుతున్నాడు. రెండు కొసలూ కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త బూడిద అద్ది ఒక్క మెలి తిప్పాడు. ముడి లేదు, పోగు ఒకటైపోయింది. తలెత్తకుండానే "ఏంటక్కా, పొద్దున్నే" అన్నాడు.

విషయం చెప్పాను. "ఒరేయ్, ఆ దేశంలో మోచేతికి మూర అనే మాటలోంచి పేరొచ్చిందిరా" అన్నాను.

వాడు చెయ్యి ఆపాడు. "మనదీ అంతే కదే. మూరచెయ్యి. మోచెయ్యి. ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు.

వాడు ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. ఇంటికొచ్చి, షికాగో విశ్వవిద్యాలయం సైట్లో ఉన్న బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తీశాను. మొదటిసారి 1961లో, పెంచి దిద్ది 1984లో వేసిన పుస్తకం. తమిళంలో మూరని ముళం అంటారు, మోచేతిని ముళంగై, మోకాలిని ముళంగాల్. కన్నడంలో మూర మొళ, మోచెయ్యి మొళకై. వాటి పక్కనే ఒకే కుదుట్లో మన మూర, మోచేయి, మోకాలు. తమ్ముడి మాట అక్షరాలా నిజం. ఏ చుట్టరికమూ లేని రెండు భాషాకుటుంబాలు, ఒకటి గోదావరి పాయల మధ్య, ఇంకోటి ధ్రువానికి దగ్గర్లో, మోచేతిని చూసి ఒకే ఆలోచన చేశాయి: ఇది కొలిచే చెయ్యి.

ఇందులో ఆశ్చర్యం లేదనిపించింది నాన్నని తలుచుకుంటే. నేత అయ్యాక బట్ట మగ్గం మీంచి కోసి, మోచేతి కొస దగ్గర అంచు ఆనించి, నడిమివేలి కొస దాకా లాగి, అక్కడ ఎడంచేతి బొటనవేలి గోరుతో నొక్కి పట్టుకునేవాడు. మళ్లీ మోచెయ్యి ఆ గోటి గుర్తు దగ్గరికి. ఒకటీ, రెండూ అని పైకి అనేవాడు కాదు, పెదాలు కదిలేవంతే. పన్నెండు మూరలు ఒక చీర. నాన్న మూర పెద్దది, పందొమ్మిది అంగుళాలు. కొనేవాళ్లకి అది తెలుసు, వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చేవారు. అమ్మ మాత్రం గజంబద్ద తెచ్చి ముందు పెట్టేది. ఆ బద్ద ఇప్పటికీ తమ్ముడింట్లో ఉంది. సరిగ్గా నడుమ ఇత్తడి మేకు దిగ్గొట్టి ఉంటుంది, అది మూర గుర్తు. రెండు మూరలు ఒక గజం. దశాబ్దాల తరబడి నూలు రాసుకుని ఆ మేకు తల అద్దంలా మెరుస్తుంది. అమలాపురం మార్కెట్లో కడియపులంక పూలు మూరలెక్కన కొన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పొట్టిచేతుల ఆవిడ దగ్గర నాలుగు మూరలంటే, పొడుగుచేతుల ఆవిడ దగ్గర మూడు.

ఈ గొడవే ఐస్‌లాండ్‌లోనూ జరిగింది. అక్కడ పాతకాలంలో వెండి తక్కువ, గొర్రెలు ఎక్కువ. అందుకని ఉన్ని గుడ్డనే డబ్బుగా వాడారు. దాని పేరు వాథ్‌మౌల్. ఆరు మూరల వాథ్‌మౌల్ ఒక ఔన్సు లెక్క. నూట ఇరవై మూరలు ఒక "వంద", అది ఒక పాడి ఆవు ఖరీదు. పన్నులు, జరిమానాలు, పెళ్లి ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ గుడ్డలోనే. డబ్బే గుడ్డ అయినచోట ఎవరి మూర వాళ్లదంటే కుదురుతుందా? 1200 ప్రాంతంలో స్కౌల్‌హోల్ట్ బిషప్ పౌట్ల్ యోన్సన్ చొరవతో రెండు మూరల కర్ర ఒకటి చట్టమైంది. దాన్ని స్తీకా అన్నారు. దేశమంతా ఏటా సభ కూడే థింగ్‌వెట్లిర్‌లో చర్చి గోడ మీద ఆ కొలత గీసి పెట్టారు, అనుమానం ఉన్నవాడు వెళ్లి సరిచూసుకోవచ్చు. రెండు మూరల కర్ర అంటే మా అమ్మ గజంబద్దే కదండీ!

తమ్ముడికి ఇది చెబితే వాడికి కావలసింది వేరు. "మగ్గం ఎలా ఉంటుందట?" నిలువు మగ్గమని, పైనున్న దూలానికి పడుగు కట్టి, కింద పోగులకి రాళ్లు వేలాడదీసి బిగువు తెస్తారని, నేసేది ఆడవాళ్లని, నిలబడి నేస్తారని చెప్పాను. వాడు చాలాసేపు ఆలోచించాడు. "రోజంతా నిలబడా? పాపం" అన్నాడు. కాసేపాగి, "రాళ్లన్నీ ఒకే బరువుండాలి మరి. లేకపోతే గుడ్డ వంకరొస్తుంది" అన్నాడు. ఎక్కడో వెయ్యేళ్ల కిందటి నేతగత్తెల గురించి పక్కవీధి వాళ్ల గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు.

వాథ్‌మౌల్ మాట కూడా ఆ సైట్లోనే విప్పుకున్నాను. వాథ్ అంటే నేసిన గుడ్డ, మౌల్ అంటే కొలత. టైలరు మెడలో వేసుకునే టేపుని ఇవాళ్టికీ మౌల్‌బాండ్ అంటారు. అచ్చం అలాగే పలికే ఇంకో మౌల్ ఉంది, దానికి భాష, పలుకు అని అర్థం. సైటు పేరు మౌలిథ్ అంటే "ఆ భాష" అని. ఒక పదం తీస్తే ఇంకోటి, దాన్ని లాగితే మరోటి, కండె లోంచి నూలు ఊడొచ్చినట్టు వస్తూనే ఉంటాయి.

మోచేతితో కట్టిన పలుకుబళ్లు కూడా చూడండి. డబ్బు కాస్త కూడబెట్టుకున్నవాణ్ని "కోమాస్త్ ఈ ఔల్నిర్" అంటారు, మూరల్లోకి వచ్చాడని. గుడ్డే డబ్బైన రోజుల మాట, గుడ్డ చెలామణీ పోయినా మాట బతికుంది. ఇంకోటి ఒల్న్‌బోగబార్న్. బార్న్ అంటే బిడ్డ. మోచేతి బిడ్డ. ముద్దుగా ఉంది కదా అనుకున్నాను, చంకనెత్తుకున్న బిడ్డేమో అని. కాదు. మోచేత్తో పక్కకి నెట్టేసిన బిడ్డ, ఎవరికీ పట్టనిది. ప్రభుత్వాలు పట్టించుకోని పనులకీ, మనుషులకీ కూడా ఆ మాట వాడతారు. మన మోచేయి కూడా అవమానాల చెయ్యే. "వాడి మోచేతి నీళ్లు తాగే బతుకు" అంటాం. పెద్దవాడు దోసిట్లో పోయించుకుని తాగుతుంటే మోచేతి మీదుగా కారేది కిందివాడు పట్టుకుని తాగడం. "మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్టు" అంటాం, అందనిది ఆశపెట్టేవాళ్లని. ఒల్న్‌బోగబార్న్ అనే మాట చదివినప్పుడు మా వీధిలో మూలపడ్డ మగ్గాలే కళ్లముందు ఆడాయి. ఆ మాటకి తెలుగులో సరైన జోడీ ఏదంటే నా మట్టుకు చేనేతే.

ఇక వాడుకునేవాళ్లకి నాలుగు సంగతులు. సైటంతా ఐస్‌లాండిక్‌లోనే ఉంటుంది. అది వాళ్లకోసం వాళ్లు కట్టుకున్న ఇల్లు, మనం చుట్టాలం. ఫోన్లో అనువాదం చేసే ఆప్ పక్కన పెట్టుకుంటే అర్థాల భాగం తేలిగ్గానే నడుస్తుంది. వ్యుత్పత్తుల భాగం మాత్రం అనువాదానికి లొంగదు. భాషల పేర్లన్నీ రెండు మూడక్షరాల పొట్టి గుర్తులుగా ఉంటాయి, యంత్రం వాటిని ఏవేవో మాటలుగా మార్చి గందరగోళం చేస్తుంది. నేను ఒక పాత ఎక్సర్‌సైజు పుస్తకంలో ఆ గుర్తులన్నీ రాసుకున్నాను. ఫోన్ సెట్టింగుల్లో ఐస్‌లాండిక్ కీబోర్డు చేర్చుకోండి, వాళ్లకి మన దగ్గర లేని అక్షరాలు కొన్నున్నాయి. మూలరూపం తెలియకపోయినా భయంలేదు. మనవడు ఏదో విభక్తిలో అన్న మాటని అలాగే కొడితే అసలు మాట దగ్గరికి దారి దొరుకుతుంది. ఐదుకి ఐదూ ఇచ్చేస్తున్నాను.

ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షలు దాటదు. మా కోనసీమ జిల్లా జనంలో నాలుగో వంతు కూడా కాదు. అంత చిన్న జాతి తన ప్రతి మాటా ఎక్కడ పుట్టిందో, ఎలా వంగుతుందో, దేనికి చుట్టమో బడిపిల్లాడి చేతికి ఉచితంగా అందేలా పెట్టుకుంది. సంస్థకి పేరిచ్చిన ఆర్ని మాగ్నుస్సన్ తాళపత్రాల కోసం ఊరూరా తిరిగిన మన బ్రౌన్ దొర లాంటివాడు. ఇంటింటా గాలించి తోలు మీద రాసిన పాత ప్రతులు పోగుచేశాడు. 1728లో కోపెన్‌హాగెన్ తగలబడినప్పుడు కొన్ని పోయాయి. మిగిలినవాటిలో చాలావాటిని డెన్మార్క్ 1971 నుంచి తిరిగిస్తూ వచ్చింది.

మనకి ఏమీ లేదని అనను. పిఠాపురం మహారాజు పోషణలో 1936 నుంచి సంపుటాలుగా వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ గోదావరి జిల్లాల గర్వం. ఆంధ్రభారతి సైటువాళ్లు దాన్నీ, శబ్దరత్నాకరాన్నీ, బ్రౌన్‌నీ వెతుక్కునేలా పెట్టి మహోపకారం చేశారు, రోజూ దండం పెట్టుకుంటాను. కానీ అర్థం అక్కడ, వ్యుత్పత్తి షికాగోలో ఇంగ్లీషులో, విభక్తి రూపాలు ఇంకెక్కడో. మో అంటే ఏంటని అడిగిన ఆరేళ్ల పిల్లాడు తనంతట తాను వెతికి చూసుకునే చోటు మనకింకా కావాలి. ఎనిమిది కోట్ల మందిమి. ఒక్క గడి, అందులో తెలుగు మాట, కింద దాని వంశవృక్షం, తెలుగులోనే. అడుగుతూనే ఉంటాను.

మర్నాడు రాత్రి మనవడికి చెప్పాను, మో అంటే మూర అని. నీ ఒల్న్‌లోనూ అదే ఉందని. వాడు వెంటనే మోచెయ్యి బల్లమీద ఆనించి, మానుతున్న పొక్కు నొక్కుకుని "అబ్బా" అని, మళ్లీ ఆనించి, వేళ్లు చాపాడు. వాళ్లమ్మ మౌల్‌బాండ్ తెచ్చి కొలిచింది. ముప్ఫై ఒక్క సెంటీమీటర్లు.

ఆ అంకె తమ్ముడికి చెప్పాను. వాడు ఇంట్లోంచి గజంబద్ద తెప్పించి, ఇత్తడి మేకుకి ఇవతల బొటనవేలు పెట్టి ఆ పొడవు చూసుకున్నాడు. పసుపు రంగు పేక, ఎర్రంచు, తువ్వాలు. నాలుగు మూరలు నేస్తానన్నాడు. వాడి మూరలు, పిల్లాడివి.